కోళ్లకూ బర్రెలకూ నడుమ

మొన్నామధ్య మా మండలం లైబ్రరీని కొత్త భవనంలోకి మారుస్తున్నామని, ఒకసారి వచ్చి చూసి పొమ్మని, నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయి ఫోన్ చేసింది. రిటైరైన లైబ్రేరియన్‌ను ఒకరు గుర్తుపెట్టుకుని పిలవడమంటే మాటలా! ఇస్త్రీ చీర కట్టుకుని పొద్దున బస్సుకే దిగిపోయాను. భవనం బాగుంది. నేలకు తెల్ల బండలు పరిచారు, కిటికీలకు అద్దాలు పెట్టారు, పాత భవనంలో నా సగం సర్వీసును తినేసిన చెదలకు ఇక్కడ ఇంకా దారి దొరకలేదు. హాలు నిండా సంచులు, కట్టలు, అట్టపెట్టెలు. ఆ అమ్మాయి ఒక్కో పుస్తకం తీసి, వీపు మీద నంబరు చూసి, కంప్యూటర్లో కొట్టి ఒక పక్కకు సర్దుతోంది. మధ్యాహ్నం కావస్తుండగా ఒక సన్నటి పుస్తకం నా ముందు పెట్టి, "మేడం, దీనికి గొర్ల నంబరేసి ఉన్నది. లోపట సూస్తె అన్ని ఊర్ల ముచ్చట్లు, బాటల ముచ్చట్లు. యాడ పెట్టాలె?" అని అడిగింది. ఆకుపచ్చ అట్ట, దాని మీద బొచ్చు గొర్రె బొమ్మ. అది మా మామ రాసిన పుస్తకం. దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చుకోకుండానే నేను రిటైరయ్యాను.

మామ అంటే మా ఆయన తండ్రి. మర్రిగూడ దిక్కు మనిషి, గొర్లు కాసిన మనిషి. ఐదో తరగతి దాకా చదివి, బడి గంట కన్నా మంద మెడలోని గంటే నయమనిపించి అటు వెళ్లిపోయాడు. ఎండాకాలం వచ్చి చెలకల్లో గడ్డి మాడిపోతే వాళ్లు మందలు తోలుకుని ఇల్లు విడిచేవారు. ఒక ఏడు పానగల్ వైపు, ఒక ఏడు పాలమూరులోకి దిగి ఆత్మకూర్ దాటి కృష్ణ ఒడ్డు దాకా. రాత్రి ఎవరి చేనులో మందను నిలిపితే ఆ చేనుకు ఎరువు, ఆ రైతు వీళ్లకు ఇన్ని గింజలు కొలిచేవాడు. అట్లా ఊరూరి బావి నీళ్ల రుచి, ఊరూరి మనుషుల గుణం ఆయనకు నోటికి వచ్చు. చివరికి సొంతూరి బావి నీళ్లే ఆయన్ను దెబ్బతీశాయి. మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలకు చేసేది ఆయన మోకాళ్లకూ చేశాయి. నిలబడితే వంగలేడు, కింద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాల్సిందే. తరువాత ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చాయి కానీ, ఎముకల్లోకి ఎక్కింది మళ్లీ దిగదు కదా. మంద అమ్మేశాడు. చెయ్యి ఊరుకోక రెండు గొర్లను మాత్రం ఇంటి ముందు కట్టేసుకుని, వాటి పక్కన మంచం వేసుకుని రాయడం మొదలుపెట్టాడు.

ఏం రాస్తున్నావు మామా అంటే, "నడిసిందె రాస్తున్న" అనేవాడు. మందలు ఏ బాటన పోయేవి, నీళ్లు ఎక్కడ దొరికేవి, ఎవరు చేనిచ్చారు, ఎవరు కుక్కల్ని ఉసిగొల్పారు, ఏ కరువులో ఏ చెట్టు ఆకు కోసి వేసి మందను బతికించుకున్నారు, ఏ మేత గొర్రెకు మంచిది, ఏది విషం. పెద్ద పెద్ద అక్షరాలతో, కామాలూ చుక్కలూ లేకుండా, ఊపిరి ఆడినంత దూరం ఒకే వాక్యం. నల్గొండలో ఒక ప్రెస్సాయన అచ్చు వేసి ఇచ్చాడు. అట్ట మీద గొర్రె బొమ్మ కావాలంటే తన దగ్గర తయారుగా ఉన్నది వేశాడు. అది ఏ చలిదేశపు గొర్రెనో, ఒళ్లంతా ఉన్ని, కళ్లు కూడా కనబడవు. మామ దాన్ని చాలాసేపు చూసి, "గిది మా మందల పుట్టింది గాదు" అని, అయినా మురిసిపోతూ, మొదటి ప్రతిని తెచ్చి నా లైబ్రరీ టేబుల్ మీద పెట్టాడు. అప్పటికి రాష్ట్రం వచ్చి ఎక్కువ కాలం కాలేదు.

ఇక్కడ లైబ్రరీ సంగతి రెండు ముక్కలు చెప్పాలి. వెనకటికి ఎవరో దొర లోకంలోని చదువునంతా పది పెట్టెల్లో సర్ది, పెట్టెకో నంబరు ఇచ్చాడు. పెట్టెలో మళ్లీ పది అరలు, అరలో మళ్లీ పది గూళ్లు. దేవుడు ఒక చోట, దవాఖాన ఒక చోట, వంట ఒక చోట. ఏ పుస్తకమైనా ఒక్క నంబరు కిందికే వస్తుంది, ఆ నంబరున్న చోటనే నిలబడాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఈ నంబర్ల గొడవ పట్టేది కాదు. చరిత్ర ఉన్న అద్దాల అల్మారను రాజుల అల్మార అనేవాళ్లు. నవలలున్నది ఏడుపు అల్మార. నోటిఫికేషన్లు వస్తాయని పిల్లలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి టిఫిన్ డబ్బాలతో వచ్చి చీకటి పడేదాకా చదువుతున్న రోజుల్లో, పోటీ పరీక్షల పుస్తకాలున్నది నౌకర్ల అల్మార అయింది. రాజుల అల్మారలో నాకూ అప్పుడే చేతినిండా పని పడింది. రాష్ట్రం రెండయ్యాక చరిత్రను కూడా పంచాలి కదా. ఏ రాజు ఇటు, ఏ రాజు అటు అని విడదీస్తూ కూర్చున్నాను. కొందరు ముందుచూపు లేని రాజులు రెండు దిక్కులా ఏలి నన్ను చాలా తిప్పలు పెట్టారు.

ఇక పశువులది గోడవారన ఉన్న అల్మారలో అన్నిటికన్నా కింది అర, నేలకు జానెడు ఎత్తు. ముందు బర్రెలు, తరువాత గొర్లు మేకలు, తరువాత కోళ్లు. గొర్ల నంబరు కింద అప్పటిదాకా ఒక్క పుస్తకమూ లేదు. మామ పుస్తకం చూస్తే సగం బాట, సగం గొర్రె. ఇట్లాంటప్పుడు ఏది ఎక్కువుంటే దాని నంబరే ఇవ్వాలని నియమం. న్యాయంగానే పేజీలు తిప్పి చూశాను. మనుషుల కన్నా గొర్లే ఎక్కువున్నాయి. పైగా అట్ట మీద ఆ బొచ్చు గొర్రె ఒకటి సాక్ష్యం. వీపున కాగితం అంటించి, నంబరు వేసి, తీసుకెళ్లి కోళ్లకూ బర్రెలకూ నడుమ పెట్టాను.

గురువారం మా దగ్గర అంగడి. మామ అంగడికి వచ్చి, లైబ్రరీలో ఒక గంట పేపరు చూసి, నాతోపాటే ఇంటికి వచ్చేవాడు. ఆ గురువారం వస్తూనే రాజుల అల్మార ముందు నిలబడి, అద్దాల్లోంచి ఒక్కో వీపూ చూసుకుంటూ పోయాడు. లేదు. నా దగ్గరికి వచ్చాడు. నేను వేలితో చూపించాను. కర్ర మీద వాలి, వంగలేక మెడ ఒక్కటే వంచి చూశాడు.

"నా పుస్తకం కోళ్లకు బర్లకు నడిమిట్ల పెట్టినవా బిడ్డా?"

"నంబరు ప్రకారం గాడనే వస్తది మామా. నా చేతిల లేదు."

ఆయన కోపం చేయలేదు. అదే నాకు కష్టమైంది. "పానగల్ గుడి కట్టిచ్చిన రాజుకు నీ అల్మారల జాగ ఉన్నది. గా గుడి ముంగటికెల్లి మందను తోలుకపోయినోనికి లేదా?" అని మాత్రం అని పేపరు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. నాకు జవాబు తెలుసు, కానీ అది నంబర్ల పుస్తకంలోని జవాబు. నిజం చెప్పాలంటే నియమం ఒక్కటే నన్ను పట్టి ఆపలేదు. గొర్లోళ్ల ఇంటి కోడలు లైబ్రేరియన్ అయిందని ఊళ్లో కొందరికి అప్పటికే కడుపులో సలుపు. మామ పుస్తకాన్ని తీసుకెళ్లి రాజుల పక్కన పెడితే వాళ్లు ఏమంటారో నాకు ముందే వినిపించేది. నా మర్యాద కాపాడుకోవడానికి ఆయన్ను కింది అరలో పెట్టానని ఇప్పుడు అనిపిస్తుంది.

కొన్నాళ్లు అట్లాగే గడిచాయి. ప్రతి అంగడి రోజూ మామ కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చునేవాడు, పేపరు మీదుగా ఆ కింది అర కనబడేటట్టు. తీసి చూసుకోవాలని ఉండేది, వంగలేడు. నన్ను అడగడానికి అభిమానం. ఒకనాడు పక్కన కూర్చున్న ఆయనను తీసిమ్మని అడిగితే, ఆ మనిషి వంగి వెతికి, హాలంతా వినబడేటట్టు, "కోళ్లల్ల దొరికింది తాతా నీ చరిత్ర!" అని నవ్వాడు. నౌకర్ల అల్మార దగ్గరి పిల్లలూ నవ్వారు. మామ కూడా నవ్వినట్టు ముఖం పెట్టాడు. ఆ ముఖం చూడలేకపోయాను. అందరూ వెళ్లాక, ఆయన బయట అరుగు మీద నా కోసం ఎదురుచూస్తుండగా, పుస్తకం తీసుకెళ్లి రాజుల అల్మారలో, కళ్లకు ఎదురుగా వచ్చే అరలో పెట్టేశాను.

మాకు శిక్షణలో ఒక సంగతి చెప్పేవారు. ఏ కారణం చేతనైనా పుస్తకాన్ని దాని చోటు నుంచి మారిస్తే, పాత చోట ఒక అట్టముక్క నిలబెట్టాలి. దాని మీద "ఈ పుస్తకం ఫలానా అల్మారలో ఉంది" అని రాయాలి. వెతికే చెయ్యి నంబరు పోయిన దారినే పోతుంది, అక్కడ లేకపోతే లేదనే అనుకుంటుంది. ఆ సాయంత్రం నాకు అది గుర్తు రాకపోలేదు. టేబుల్ కింద అట్టపెట్టె కూడా ఉంది. ఆఖరి ఆటో పోతుందని, రేపు పెడదాంలే అనుకుని తాళం వేశాను.

మరుసటి గురువారం మామ ముఖం చూడాలి. అద్దం దగ్గర నిలబడి, రాజులకు ఎడమ పక్కన బొచ్చు గొర్రెను చూసుకుని, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఇంటికి పోయేటప్పుడు అంగట్లో నాకు మల్లెపూలు కొనిపెట్టాడు, కోడలికి మామ పూలు కొనడమేమిటని మా అత్తమ్మ వారం రోజులు ఆట పట్టించింది. ఆ సంతోషంలో నాకు అట్టముక్క సంగతి పూర్తిగా పోయింది.

ఆ వానాకాలంలోనే ఒకాయన వచ్చాడు. ముప్పయి దాటిన మనిషి, ఖాకీ చొక్కా, లైబ్రరీలోకి రావడం అలవాటు లేనివాళ్లు గడపలో చెప్పులు విడిచినట్టు విడిచి వచ్చాడు. హాలు కిటకిటలాడుతోంది, పేపరు షీట్ల కోసం పిల్లలు గుంజులాడుకుంటున్నారు. ఆయన నా టేబుల్ మీదికి వంగి మెల్లగా అడిగాడు.

"మేడం, గొర్ల పుస్తకం ఏమన్న ఉన్నదా? సర్కారు స్కీముల మాకు గొర్లొచ్చినయ్. మా తాతతోనె మా ఇంట్ల మంద పోయింది, నేను పట్నంల ఆటో నడిపిన. కురుమోల్ల ఇంట్ల పుట్టి గొర్రె సంగతి తెల్వదంటె ఊర్ల నవ్వుతరు. జర సదువుకుంటె నయమని."

మా వాళ్లలో తప్ప ఇంకెక్కడా జరగని కథ ఇది. పక్క ఇంట్లో మంద కాసి ముసలివాడైన పెద్దాయన ఉన్నా, పోయి అడగడానికి సిగ్గు. పుట్టుకతోనే రావలసిన విద్యను ఎట్లా అడుగుతారు? అందుకని ఆ మనిషి ఎవరూ ఎరగని చోటికి, పుస్తకం దగ్గరికి వచ్చాడు. నేను లేచి కింది అర దగ్గరికి వెళ్లి వంగి చూశాను. బర్రెలు, ఆ వెంటనే కోళ్లు. నడుమ సందు కూడా లేదు, పుస్తకాలు ఒకదాని మీద ఒకటి వాలి పూడిపోయింది. నా చెయ్యి నంబరు దారిన పోయింది, నా బుద్ధి దాని వెంట పోయింది. మామ పుస్తకం నా లెక్కలో అప్పటికే రాజుల పుస్తకం అయిపోయింది. "గొర్లయి లేవన్నా. బర్లయి, కోళ్లయి ఉన్నయ్" అన్నాను. ఆయన నవ్వి, "వాటితోని ఏం జేద్దు మేడం" అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. అద్దాల అల్మార ఆయనకు రెండు అడుగుల దూరంలో ఉంది.

కొద్ది రోజులకు, అన్నం తింటూ మామ ఎక్కడో విన్న వార్త చెప్పాడు. పక్క మండలంలో ఒకాయన గొర్లు ఒక్క పూటలో సగానికి పైగా పడిపోయాయట. వాన వెనక్కి పోయి వాడిన జొన్నచేను, మోళ్లకు లేచిన లేత పిలకలు. పచ్చగా ఉందని పొద్దున్నే ఖాళీ కడుపుతో ఉన్న మందను తోలాడట.

"ఎరుకలేని మనిషి, పాపం. పట్నంల ఆటో నడిపెటోడట. వాడిన జొన్న పిలక విషమని నా పుస్తకంల రాసిన గద" అన్నాడు.

వడ్డిస్తున్న గరిటెను గిన్నెలో పెట్టేశాను. "ఆయన మా లైబ్రరీకి వచ్చిండు మామా. గొర్ల పుస్తకం అడిగిండు."

"ఇచ్చినవా?"

"లేదన్న."

"ఎందుకు లేదన్నవ్? గాడనె ఉండె గద, కోళ్ల పక్క..." అని మధ్యలో ఆపేశాడు. అది ఇప్పుడు ఎక్కడుందో ఆయనకూ గుర్తొచ్చింది. అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. తరువాత చెయ్యి కడుక్కుని, "నా షోకుకు వాని మంద పాయె" అన్నాడు. తప్పు నాది మామా, నేను అక్కడ చీటీ పెట్టాల్సింది, మరిచిపోయిన అని ఎంత చెప్పినా వినలేదు. "జాగ అడిగింది ఎవలు? నేను గాదా?" అన్నాడు. ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఎవరి తప్పును వాళ్లు పట్టుకుని కూర్చున్నాం, ఒకరిది ఒకరికి ఇవ్వలేదు.

మరునాడు అంగడి కాకపోయినా నాతో బయలుదేరాడు. రాజుల అల్మార అద్దం జరిపి, పుస్తకం తీసి, కర్ర పొడుస్తూ గోడవైపు నడిచాడు. నేను పెడతాను ఇవ్వు మామా అన్నా ఇవ్వలేదు. అల్మార పట్టుకుని మెల్లమెల్లగా కిందికి జారి, నేల మీద కూర్చుని, బర్రెలను ఒక పక్కకు, కోళ్లను ఒక పక్కకు నెట్టి, తన పుస్తకాన్ని మధ్యలోకి దోపాడు. దోపి, దాని వీపు మీద ఒకసారి చెయ్యి పెట్టాడు. పేపరు చదువుతున్నవాళ్లు ఇద్దరు వచ్చి చెరో రెక్కా పట్టి లేపారు. వాళ్లలో ఒకడు మొన్న నవ్విన ఆయనే. ఈసారి ఎవరూ నవ్వలేదు.

శుక్రవారం లైబ్రరీకి సెలవు. మామ ఇంటి ముందు కట్టేసి ఉన్న ఆ రెండు గొర్లను ఆటోలో ఎక్కించి, నన్నూ ఎక్కించుకుని ఆ ఊరికి పోయాడు. కంప కొట్టిన దొడ్డిలో నాలుగైదు గొర్లు ఒక మూలకు నిలబడి ఉన్నాయి, మిగతా జాగా అంతా ఖాళీ. ఆయన నన్ను గుర్తుపట్టి లోపలికి రమ్మన్నాడు. మామ మంచం మీద కూర్చోకుండానే, పుస్తకం ఉండి కూడా ఎందుకు దొరకలేదో అంతా చెప్పాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆయన భార్య గిన్నెలో మాకు చాయ తెచ్చి, మేము తాగేదాకా పక్కకు పోలేదు.

"దొరికినా గా పేజీ దాక సదివెటోన్నో లేదో తాతా" అన్నాడాయన. "పక్కింట్ల పెద్దమనిషి ఉన్నడు. నోరిడిసి అడిగితె అయిపోవు. సిగ్గుపడ్డ."

మా ఇద్దరి బరువు దింపడానికే ఆ మాట అన్నాడని తెలుస్తూనే ఉంది. నామీద కోపం చేసి నాలుగు తిట్లు తిట్టి ఉంటే అక్కడే ఒక ఏడుపు ఏడ్చి వచ్చేదాన్ని. మామ గొర్లను ఆయన చేతికిచ్చి, ఏది ఎట్లా మేపాలో దొడ్డి గట్టు మీద కూర్చుని పొద్దు వాలేదాకా చెప్పాడు. కానీ ఆ గొర్లతో మంద కాలేదు. ఏడాది తిరక్కుండానే ఉన్నవాటిని అమ్మేసి ఆ మనిషి మళ్లీ ఆటో ఎక్కాడని విన్నాం. మామ ఆ తరువాత మూడు నాలుగేళ్లు బతికాడు. అంగడి రోజు వచ్చేవాడు, పేపరు చూసేవాడు, కుర్చీని మాత్రం గోడవైపు తిప్పుకునేవాడు కాదు. రాజుల పక్కన పెడతాను మామా, చీటీ రాసి పెడతాను, ఇప్పుడు ఎవరికీ నష్టం లేదు అని నేను ఒకసారి అన్నాను. "ఇంకొగడు అడుగనీకి వస్తె?" అన్నాడు. ఆయన పోయాక కూడా, రిటైరయ్యేదాకా, పుస్తకాన్ని అక్కడి నుంచి కదిలించడానికి నాకు చేతులు రాలేదు, అక్కడ చూస్తూ ఉండడానికి కళ్లూ ఒప్పలేదు.

కొత్త భవనంలో ఆ అమ్మాయి ఇంకా నా జవాబు కోసం చూస్తోంది. ఇంతలో ఆఖరి ట్రిప్పు సామాను వచ్చింది. ట్రాలీ ఆటో డ్రైవర్ భుజం మీద కట్ట దించి, చెమట తుడుచుకుంటూ నన్ను చూసి, ముందు నమస్తే పెట్టి, తరువాత నా చేతిలోని అట్ట చూశాడు. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి కానీ, గొర్ల పుస్తకం అడిగిన ఆ మనిషే.

"తాత పుస్తకం గద మేడం?"

తీసుకుని, నిలబడే కొన్ని పేజీలు తిప్పాడు. నేను ఆయన ముఖం చూడలేక కిటికీ వైపు చూస్తున్నాను. ఆయన ఒకచోట ఆగి చదివి, మూసి, నా చేతిలో పెట్టాడు. "గీ బాటలల్ల ఇప్పుడు మంద యాడికెల్లి పోతది మేడం? కాల్వలొచ్చె, ప్లాట్లాయె. నేనె దినాం గా బాటల మీదికెల్లి ఆటో నడుపుత, గాడ మంద నడిసిందంటె మా పొలగాండ్లు నమ్మరు. దీన్ని రాజుల పక్కనె పెట్టుండ్రి."

ఆయన అన్నది ఆ కుర్చీలో కూర్చున్న నాకు ఏనాడూ తట్టలేదు. నేను నంబరు వేసిన రోజున అది గొర్ల పుస్తకమే. ఎవరూ దాన్ని మార్చలేదు, ఒక్క అక్షరం కొత్తగా చేరలేదు, కింది అరలో అది ఉన్నచోటనే ఉండి చరిత్ర అయింది. మామ అడిగిన జాగా చివరికి వచ్చింది, ఆయన రాసిన బాటలూ మందలూ పోయాక వచ్చింది. ఇవ్వమన్నది, నేను లేదని పంపిన ఆ మనిషే. సంతోషించాలో ఏడవాలో తెలియక, పుస్తకాన్ని తీసుకెళ్లి కొత్త అద్దాల అల్మారలో కళ్లకు ఎదురుగా వచ్చే అరలో నిలబెట్టాను. ఆ అమ్మాయి కంప్యూటర్లో నంబరు మార్చింది. కంప్యూటర్లో ఏ పేరుతో వెతికినా దొరుకుతుంది మేడం, ఇక ఫికర్ లేదంది.

అయినా నేను ఊరుకోలేదు. ఖాళీ పెట్టె ఒకటి చింపి, పుస్తకమంత అట్టముక్క కత్తిరించి, స్కెచ్ పెన్ను అడిగి తీసుకుని, "గొర్ల పుస్తకం రాజుల అల్మారలో ఉంది, అడగండి" అని పెద్దగా రాసి, నేల మీద కూర్చుని కోళ్లకూ బర్రెలకూ నడుమ నిలబెట్టాను. ఈ మధ్య నా మోకాళ్లూ మాట వినడం లేదు, ఆ డ్రైవరే చెయ్యిచ్చి లేపాడు. రాయడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషం నాకు ఇన్నేళ్లకు దొరికింది.